మెషీనంతా సందుల్లోనే ఉంది

(ఒంగోలులో ఐటీఐ విద్యార్థులు, చుట్టుపక్కల షెడ్డు మెకానిక్కులు కలిసి కూర్చున్న సభలో ఒక పాత కంప్రెషర్ మెకానిక్ మాట్లాడిన మాటలు. మాట్లాడిన తీరులోనే రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు మైకు ఇచ్చారు గానీ నాకు అక్కర్లేదు. నలభై ఏళ్లు నడుస్తున్న కంప్రెషర్ పక్కన నిలబడి మాట్లాడినవాడిని, వెనక బెంచీ దాకా వినిపిస్తుంది నా గొంతు. మీరు చెప్పేదే నాకు వినిపించదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ప్రశ్న అడిగేవాళ్లు కుడి పక్కకొచ్చి అడగండి. ఇప్పుడు మీకు ఇయర్ ప్లగ్గులు ఇస్తున్నారు గదా, జేబులో పెట్టుకోకుండా చెవుల్లో పెట్టుకోండి.

బల్ల మీద గోనెపట్టా కింద ఉన్నది ఏంటా అని ఇందాకటి నుంచి చూస్తున్నారు. తీస్తాను. గాలిని నలిపే రోటరీ వేన్ కంప్రెషర్‌ను ఇప్పి తెచ్చాం. ఇదిగో, ఇది రోటర్, లోపల తిరిగే భాగం. 35 కిలోలు ఉంటుంది, ఇద్దరం కలిసి ఎత్తాం. ఆ పక్కన గొట్టంలా ఉన్నది స్టేటర్, కొందరు సిలిండర్ అంటారు. ఆ ట్రేలో వరసగా పేర్చినవి ఎనిమిది వేన్లు. పుస్తకంలో వేన్ అని ఉంటుంది, షెడ్డులో మేం బ్లేడు అంటాం. నేనూ బ్లేడనే అంటాను, లేకపోతే నోరు తిరగదు.

ఈ మెషీను నెల్లూరు జిల్లా సైదాపురం పక్క ఒక మైకా గనిలో పనిచేసింది. అభ్రకం గనులు మూతపడ్డాక షెడ్డు వెనక చిల్లచెట్ల మధ్య పడి ఉంది. వానకు తడిసి, ఎండకు ఎండి, గాలి పీల్చే సక్షన్ పైపులో తొండలు కాపురం పెట్టాయి. తూకానికి అమ్ముతుంటే నేను కొన్నాను. కొన్నానని ఇంట్లో చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. నేమ్ ప్లేటు మీద కంపెనీ పేరు అరిగిపోయింది, అంకెలు మాత్రం మిగిలాయి: 125 సీఎఫ్ఎం, 100 పీఎస్ఐ, 1450 ఆర్‌పీఎం. మాకు అవి చాలు. సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి అని. 100 పీఎస్ఐ అంటే మన లెక్కలో చదరపు సెంటీమీటరుకు 7 కేజీల ప్రెషర్. ఈ ప్రెషర్ దగ్గర ఒక హార్స్‌పవర్‌కు సుమారు 4 సీఎఫ్ఎం గాలి వస్తుంది, కాబట్టి దీనికి 30 హార్స్‌పవర్ మోటారు కావాలి. పాత మెషీను కొనేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. పక్కన 15 హార్స్‌పవర్ మోటారు బిగించి “ఇదే ఒరిజినల్” అనేవాళ్లు ఉంటారు.

ఇది ఎలా పనిచేస్తుందో చెప్తాను. పిస్టన్ కంప్రెషర్ మీ అందరికీ తెలుసు, పంక్చర్ షాపులో ఉంటుంది. దీంట్లో పిస్టన్ లేదు, రింగులు లేవు, కవాటాల గొడవ లేదు. స్టేటర్ గుండ్రటి గొట్టం. దాంట్లో రోటర్ నడి మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి ఉంటుంది. రోటర్‌కు ఈ గాట్లు చూడండి, స్లాట్లు. బ్లేడ్లు వీటిలో వదులుగా కూర్చుంటాయి. రోటర్ తిరిగితే బ్లేడ్లు బయటికి విసిరినట్టు వచ్చి స్టేటర్ గోడను రాసుకుంటూ పోతాయి. రెండు బ్లేడ్ల మధ్య ఒక గది. రోటర్ దూరంగా ఉన్న వైపు గది పెద్దది, గోడకు దగ్గరైన వైపు చిన్నది. గది పెద్దదయ్యే చోట గాలి లోపలికి వస్తుంది, ఇరుకయ్యే కొద్దీ నలుగుతుంది, బాగా ఇరుకైన చోట డిశ్చార్జి కంతలోంచి బయటికి పోతుంది.

మీలో కొత్తపట్నం పిల్లలు ఎవరన్నా ఉన్నారా? ఆ, ఉన్నారు. అలివి వల లాగడం చూసుంటారు గదా. రెండు వైపులా జనం తాడు పట్టుకుని ఒడ్డుకు లాగే కొద్దీ లోపల చేపకు తిరగడానికి చోటు తగ్గిపోతుంది. చివరికి ఒకటే దారి, సంచిలోకి. ఇక్కడ గాలి కూడా అంతే. కాకపోతే ఇక్కడ నిమిషానికి 1450 సార్లు వల లాగుతున్నాం, ఎనిమిది వలలతో.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఇటలీ ఇంజనీరు రామెల్లి 1588లో అచ్చు వేయించిన యంత్రాల బొమ్మల్లో ఇలాంటి జారే రెక్కల నీటి పంపు ఉంది. కెనడాలో బార్న్స్ అనే ఆయన 1874లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. నాలుగు వందల ఏళ్లుగా మనుషులు ఈ బ్లేడ్లను ఆడిస్తూనే ఉన్నారు.

సరే, ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్నది. పిస్టన్‌కు గాలి తప్పించుకోకుండా రింగులు ఉన్నాయి. దీనికేమున్నాయి? ఏం లేవు. రోటర్ గోడకు బాగా దగ్గరైన ఈ చోట, ఒక పక్క 7 కేజీల ప్రెషర్, రెండో పక్క సక్షన్. మధ్యలో అడ్డం ఏంటి? సందు. ఈ మెషీనుకు 3 థౌ. ఇంచీని వెయ్యి ముక్కలు చేస్తే అందులో మూడు, అంటే 0.08 మిల్లీమీటరు. మన తల వెంట్రుక మందం. రోటర్ చివరలకు, పక్క కవర్లకు మధ్య ఇంకో సందు. బ్లేడుకు, స్లాట్‌కు మధ్య ఇంకోటి. ఆ సందుల్ని నింపేది నూనె. నూనె పొరే దీనికి రింగు, అదే వాల్వు. మా మేస్త్రీ ఒకే మాట అనేవాడు: “ఇనుము చూడమాకురా, ఇనుముల మధ్య ఉండే సందు చూడు.” ఆయన చదివింది ఐదో తరగతి. సందు కొలిచే ఫిల్లర్ గేజీ రేకులు మాత్రం ఆయన జేబులో బీడీ కట్ట పక్కనే ఉండేవి.

నూనె ఇంకో పని కూడా చేస్తుంది, చాలామంది మర్చిపోయేది. గాలిని నలిపితే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొడితే చెయ్యి కాలడం మీకు తెలుసు. 35 డిగ్రీల గాలిని ఒకే దెబ్బకు 7 కేజీలకు నలిపి, చల్లార్చకుండా వదిలేస్తే లెక్క ప్రకారం 280 డిగ్రీలు దాటుతుంది. అంత వేడికి ఈ బ్లేడ్లు బొగ్గయిపోతాయి. కానీ నడుస్తున్న మెషీను డిశ్చార్జి దగ్గర మీటరు పెడితే 80, 90 డిగ్రీలే చూపిస్తుంది. మిగతా వేడంతా ఏమైంది? లోపలికి చిమ్మే నూనె తాగేసింది. అది కూలర్‌లోకి పోయి చల్లబడి మళ్లీ వస్తుంది. అందుకే కూలర్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే రెండు మూడు వారాల్లో బ్లేడ్ల దాకా వస్తుంది బాధ. చీమకుర్తి క్వారీల్లో అదే జరిగేది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గదా, ఆ ఎండలో, రాతి దుమ్ములో, రేకుల షెడ్డు కింద మెషీను పెట్టి “ట్రిప్ అవుతోంది అన్నా” అని ఫోను. వేడి ఎక్కువైతే మెషీనును ఆపే ఆ ట్రిప్ స్విచ్చికి వైరు కలిపి డైరెక్టు చేసిన మహానుభావుల్ని కూడా చూశాను.

చీమకుర్తి అన్నాను కాబట్టి ఒక పక్క మాట. మన గెలాక్సీ రాయిని అందరం గ్రానైట్ అంటాం. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు మాత్రం గాబ్రో జాతి రాయి అంటారు. నల్లటి దాంట్లో బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపు. ఏ పేరైనా దాని దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌లోంచి పోతే లోపల ఎమెరీ పేపరే.

ఇప్పుడు ఇప్పడం. పానా పట్టుకునే ముందు ప్రెషర్ పోయిందో లేదో చూసుకోవాలి. గేజీ సున్నా చూపిస్తే నమ్మకండి, గేజీ కూడా పాతదే. లోపలి గాలి వదిలేసే బ్లోడౌన్ వాల్వు తెరిచి, చప్పుడు పూర్తిగా ఆగాక కూడా తెరిచే ఉంచి, అప్పుడు ముట్టుకోండి. గాలిలోంచి నూనెను వేరు చేసే సెపరేటర్ ట్యాంకు మూత అడ్డం 25 సెంటీమీటర్లు ఉందనుకోండి. 7 కేజీల దగ్గర ఆ మూతను లోపల్నుంచి నెట్టే బలం దాదాపు మూడున్నర టన్నులు. నాలుగు బోల్టులు వదులు చేసి ఐదోది తిప్పుతుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

తర్వాత గుర్తులు. సెంటర్ పంచ్‌తో ఏ కవర్ ఏ పక్కదో చుక్కలు పెట్టండి. ఒక పక్కకు ఒక చుక్క, రెండో పక్కకు రెండు. ఇప్పుడు సెల్‌ఫోన్లు ఉన్నాయి, ఫొటోలు కూడా తీసుకోండి, వద్దనను. కానీ ఫొటోలో బ్లేడు నంబరు కనిపించదు. ప్రతి బ్లేడుకూ దాని స్లాట్ నంబరు రాయాలి, ఏ ముఖం తిరిగే వైపు ఉందో బాణం గుర్తు వేయాలి. బ్లేడు, స్లాట్ ఇరవై ఏళ్లు కలిసి అరిగినవి. ఒకదాన్ని తీసి ఇంకొకదాని ఇంట్లో పెడితే సర్దుకోవు.

ఈ మెషీను కవర్లు రాలేదు. తుప్పుకు కరుచుకుపోయాయి. ఇలాంటప్పుడు సందులో ఉలి పెట్టి సుత్తితో కొట్టాలనిపిస్తుంది. కొట్టారో, ఆ ముఖం మీద పడిన గాటులోంచి జీవితాంతం గాలి కారుతుంది. కవర్‌కు రెండు ఖాళీ మర కంతలు ఉంటాయి, చూడండి, గ్రీజు నిండి కనిపించవు. వాటిలో బోల్టులు ఎక్కించి రెండూ సమానంగా పావు పావు తిప్పు బిగిస్తే కవరే లేచి వస్తుంది. తయారు చేసినవాడు ఆలోచించే పెట్టాడు.

లోపల బ్లేడ్లు ఒక్కటీ కదల్లేదు. కాలిపోయిన నూనె లక్కలా గడ్డకట్టి స్లాట్‌లో అతికించేసింది. ఇది చాలా మామూలు జబ్బు. మెషీను తిరుగుతుంది, గాలి మాత్రం రాదు. మోటారు మార్చేవాళ్లు మారుస్తారు, బెల్టు బిగించేవాళ్లు బిగిస్తారు. అసలు బ్లేడు బయటికే రావట్లేదు. నూనె పది డిగ్రీలు ఎక్కువ వేడిలో పనిచేస్తే దాదాపు రెట్టింపు వేగంతో చెడిపోతుంది, ఆ చెడిపోయిన నూనే ఈ లక్క. రోటర్‌ను మూడు రోజులు కిరసనాయిల్లో నానబెట్టాం. నాలుగో రోజు చెక్క సుత్తితో మెల్లగా తడితే ఒక్కోటే జారింది. ఏడో నంబరు మాత్రం ఐదు రోజులు తీసుకుంది.

ఒక జాగ్రత్త. ఈ బ్లేడ్లు గుడ్డ పొరలకు ఫినాలిక్ రెజిన్ పట్టించి అచ్చు వేసినవి, మనం హైలం అంటామే, ఆ జాతి. పాత వాటిలో కొన్నింట్లో నూలు గుడ్డకు బదులు ఆస్‌బెస్టాస్ గుడ్డ వాడారు. చూసి తేడా చెప్పలేం. అందుకని పాత బ్లేడును పొడిగా రుద్దకండి, గ్రైండింగ్ వీలు మీద పెట్టకండి, గాలి కొట్టి దులపకండి. తడి గుడ్డతో తుడిచి ప్లాస్టిక్ కవర్లో కట్టి పక్కన పెట్టండి. మేం ఇవన్నీ పట్టించుకోకుండా నోటితో ఊదాం. మీరు చెయ్యకండి.

ఇప్పుడు స్టేటర్ లోపలికి వేలు పెట్టండి. రా బాబూ, నువ్వు రా. గోరుతో అడ్డంగా గీకు. ఏం తెలుస్తోంది? గరగరమంటోంది గదా, రేకుల కప్పు మీద వేలు పెట్టినట్టు. వీటిని రిపిల్ గుర్తులంటాం. బ్లేడు గోడను అంటిపెట్టుకుని జారకుండా ఎగిరి ఎగిరి పడితే ఇవి ఏర్పడతాయి. బ్లేడు అంచు ఇక్కడ సెకనుకు 15 మీటర్లు పోతుంది, హైవే మీద బస్సంత వేగం. నూనె పొర తెగిందా, ఎగురుతుంది. ఒకసారి గుంట పడితే అదే గుంట దగ్గర మళ్లీ ఎగురుతుంది, మన కంకర రోడ్ల మీద గుంటలు పెరిగినట్టే.

దీనికి మందేంటి? అందరూ ఏమంటారంటే, లేతుకు పంపి బోరు కొట్టించు, నున్నగా వస్తుంది. నేనూ అదే అన్నాను ఒకప్పుడు. ఆ కథ చెప్తాను, నా పరువు పోతే పోయింది.

పొదిలి వైపు బావులు లోతు చేసే ఒకాయన ఉండేవాడు. అప్పుడు అక్కడ బావులన్నీ ఎండిపోయి, అడుగున రాయి పేల్చి ఇంకో పది అడుగులు దిగితే గానీ నీళ్లు పడేవి కావు. రాయిలో కంతలు వేసే జాక్ హామర్‌కు గాలి కావాలి. ఆయన దగ్గర ఇలాంటిదే పాత రోటరీ మెషీను. రిపిల్ గుర్తులు బాగా ఉన్నాయి, గాలి తగ్గింది. మా మేస్త్రీ ఊళ్లో లేడు. నేను పెద్ద మొనగాడిలా స్టేటర్ తీసి లేతు షాపులో ఒక మిల్లీమీటరు బోరు పెంచించాను. ముఖం చూసుకోవచ్చు, అంత నున్నగా వచ్చింది. కొత్త బ్లేడ్లు వేశాను. స్టార్ట్ చేస్తే 3 కేజీలు, 4 కేజీలు, అక్కడ ఆగిపోయింది. ఎంత సేపున్నా పైకి పోదు. ఆయన బావి దగ్గర ఆరుగురు కూలీలు ఖాళీగా కూర్చున్నారు. “ఏమయ్యా, ముందే నయం గదా” అన్నాడు. నిజమే, ముందే నయం.

మూడో రోజు మేస్త్రీ వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పక్క కవర్ తీయించి, రోటర్ గోడకు దగ్గరయ్యే చోట ఫిల్లర్ గేజీ రేకు పెట్టాడు. 3 థౌ రేకు దూరింది. 10 పెట్టాడు, దూరింది. రెండు మూడు రేకులు కలిపి పెట్టాడు, అవీ దూరాయి. ఆ రేకుల కట్ట నా చేతిలో పెట్టి టీకి పోయాడు.

ఏం జరిగిందో బోర్డు మీద గీస్తాను. బోరు వ్యాసం ఒక మిల్లీమీటరు పెరిగితే గోడ అన్ని వైపులా అర మిల్లీమీటరు వెనక్కి పోయింది. రోటర్ ఉన్న చోటే ఉంది. 0.08 ఉండాల్సిన సందు 0.58 అయింది. వెంట్రుక దూరే చోట ఇప్పుడు గోరు దూరుతుంది. నలిగిన గాలంతా ఆ సందులోంచి తిరిగి సక్షన్‌లోకి పోతోంది. మెషీను తన గాలిని తానే తాగుతోంది. అందుకే వేడి కూడా ఎక్కువైంది.

దాన్ని ఎలా బాగు చేశాం? స్టేటర్‌ను కవర్లకు సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు ఉంటాయి. ఆ పాత కంతలు పూడ్చి, స్టేటర్‌ను అర మిల్లీమీటరు పక్కకు జరిపి, సందు మళ్లీ 3 థౌ చేసి, అక్కడ కొత్త డోవెల్ కంతలు వేశాం. దగ్గర వైపు సరిపోయింది. కానీ రెండో వైపు చూడండి: గోడ అర మిల్లీమీటరు, జరపడం ఇంకో అర, మొత్తం ఒక మిల్లీమీటరు ఎక్కువ బయటికి రావాలి బ్లేడు. బ్లేడు ఎంత బయటికొస్తే స్లాట్‌లో అంత తక్కువ మిగులుతుంది, పట్టు తప్పి వంకరవుతుంది. కొత్త బ్లేడ్లు కాబట్టి నడిచింది. అరిగినప్పుడు మామూలు కంటే ముందే మార్చాల్సి వచ్చింది. బావులాయనకు ఒక్క పూటలో అయ్యే రిపేరు నా మూలంగా మూడు వారాలైంది. డబ్బు నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు.

అందుకే ఈ స్టేటర్‌ను బోరు చేయించలేదు. మెల్లగా అరగదీసే హోనింగ్ రాళ్లతో, నూనె పోస్తూ, శిఖరాలు మాత్రం తీశాం. గుంటల అడుగులు ఇంకా కొంచెం కనిపిస్తున్నాయి, చూడండి. ఉండనీండి. వాటిలో నూనె నిలుస్తుంది. రెండు థౌ లోపల సరిపెట్టాం. నున్నగా లేదని ఎవరన్నా అంటే అననివ్వండి.

బ్లేడ్ల గురించి. ఎనిమిదింట్లో మూడింటికి అంచులు పెచ్చులు లేచాయి. సెట్టు మొత్తం మార్చాలి, మూడే మార్చడం కుదరదు. ఇలాంటి మెషీనుకు కంపెనీ బ్లేడ్లు ఇప్పుడు దొరకవు. షీటు కొని కోయించుకోవాలి. ఒకసారి ఒక షాపులో “అదే సరుకు” అని ఇచ్చిన షీటు కాగితం పొరలది, గుడ్డది కాదు. రెండు వారాల్లో అంచులు పీచు లేచి, ఆ పీచు సెపరేటర్‌ను మూసేసింది. కోసిన అంచు చూడండి: గుడ్డ పొరలైతే నేత కనిపిస్తుంది. రెండోది, హైలం వేడికి ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది, తేమ పీల్చి ఉబ్బుతుంది కూడా. బల్ల మీద సరిగ్గా సరిపోయేలా చేసిన బ్లేడు 90 డిగ్రీల దగ్గర స్లాట్‌లో బిగుసుకుపోతుంది. పొడవులోనూ, మందంలోనూ కొంచెం వదులు ఉంచాలి. పాత బ్లేడులో అరగని చోట మైక్రోమీటరు పెట్టి ఆ కొలతే తీసుకోండి. కోసిన బ్లేడ్లను ఒక రాత్రి గోరువెచ్చని నూనెలో నానబెట్టి, మళ్లీ కొలిచి, అప్పుడు బిగించండి. చివరి కొలత నానిన తర్వాతే.

స్లాట్ పెదవుల దగ్గర బ్లేడు తన్ని తన్ని అంచు మీద ఇనుము చిన్న ముల్లులా లేస్తుంది, దాన్ని నూనె రాయితో మెల్లగా తీయండి, ఆకురాయి వద్దు. బేరింగులు, సీళ్లు కొత్తవి వేశాం, వాటి గురించి మీ సార్లు చెప్పేదే. బేరింగును నూనెలో 110 డిగ్రీలకు వేడి చేసి ఎక్కించండి, సుత్తితో కాదు.

ఇప్పుడు పక్క కవర్ల సందు. ఈ మెషీనులో స్టేటర్ పొడవు, రోటర్ పొడవు ఒకటే. మరి సందు ఎక్కడి నుంచి వస్తుంది? గ్యాస్కెట్ మందం నుంచి. ఒక్కో పక్క 3 థౌ కాగితం, రెండూ కలిపి 6. ఈ కాగితం కేవలం నూనె కారకుండా పెట్టింది కాదు, కొలత కోసం పెట్టింది. ఇది తెలియక ఏం చేస్తారంటే, లారీ ఇంజను గ్యాస్కెట్ షీటు మందంగా కత్తిరించి వేస్తారు. గాలి పక్కలనుంచి పారిపోతుంది. ఇంకొకరు గ్యాస్కెట్టే వద్దని సిలికాన్ పేస్టు పూస్తారు. బల్ల మీద చేత్తో తిరుగుతుంది, అరగంట నడిచి రోటర్ వేడికి సాగగానే కవర్‌ను పట్టుకుంటుంది. నేను ఎలా చూస్తానంటే, రోటర్ ముఖం మీద కొంచెం గ్రీజుతో సీసం ఫ్యూజు తీగ ముక్క అతికించి, గ్యాస్కెట్ వేసి, కవర్ పూర్తిగా బిగించి, మళ్లీ ఇప్పుతాను. నలిగిన తీగను మైక్రోమీటరుతో కొలిస్తే అదే సందు. ఇదిగో ఆ తీగలు, అగ్గిపెట్టెలో దాచాను. ఇది 5, ఇది 6, ఇది 6. మొదటిసారి 5 వచ్చింది, ఒక బోల్టు కింద చెత్త ఉంటే కవర్ వంకరగా కూర్చుంది. తుడిచి బిగిస్తే సరిపోయింది.

ప్రశ్నా? ఇటు రామ్మా. “ఇంత తంటా ఎందుకు, స్క్రూ కంప్రెషర్ కొనుక్కోవచ్చు గదా” అంటోంది. కొనుక్కోవచ్చు, డబ్బుంటే కొనండి. క్వారీలకు స్క్రూనే మేలు, పెద్ద సైజుల్లో గాలి బాగా ఇస్తుంది. కానీ స్క్రూ ఎయిర్ ఎండ్, అంటే గాలిని నలిపే భాగం, అరిగితే మన ఊళ్లో బాగు చేయలేం, మార్చాల్సిందే. దీన్ని మీరు ఫిల్లర్ గేజీ, మైక్రోమీటరు, మూడు రోజుల ఓపిక ఉంటే బాగు చేయగలరు. బ్లేడు అరిగే కొద్దీ దానంతట అదే బయటికొచ్చి గోడను తాకుతుంది కాబట్టి చాలా కాలం గాలి తగ్గదు. తగ్గినప్పుడు ఒక్కసారిగా తగ్గుతుంది. అది దీని మంచీ, చెడూ.

నూనె దారి గురించి త్వరగా చెప్తాను, టైమవుతోంది. దీనికి నూనె పంపు లేదు. ట్యాంకులో ప్రెషరే నూనెను రోటర్ దగ్గరికి నెడుతుంది. అందుకే ట్యాంకులో ప్రెషర్ మరీ పడిపోకుండా మినిమమ్ ప్రెషర్ వాల్వు ఉంటుంది. అది పాడైతే గాలి వస్తూనే ఉంటుంది, లోపల మాత్రం నూనె ఎండిపోతుంది. గాలిలో నూనె ఎక్కువ వస్తుంటే వెంటనే సెపరేటర్ మార్చకండి. సెపరేటర్ అడుగు నుంచి నూనె వెనక్కి లాగే సన్నటి గొట్టం, దాని మొదట్లో సూది కంత ఉంటుంది, అది మూసుకుందేమో చూడండి. ఐదు నిమిషాల పని. పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు ట్యాంకు అడుగు కుళాయి తెరవండి, మన సముద్రపు గాలి తేమంతా నీళ్లై నూనె కింద చేరి ఉంటుంది. నూనె కనిపించేదాకా వదిలి కట్టేయండి.

రెండు విషయాలు మాత్రం మర్చిపోకండి. ఒకటి, కిరసనాయిలుతో గానీ డీజిల్‌తో గానీ కడిగిన తర్వాత ఒక్క చుక్క మిగలకూడదు. వేడి, ప్రెషర్, గాలి, డీజిల్ ఆవిరి, ఈ నాలుగూ కలిస్తే అది డీజిల్ ఇంజనే, కాకపోతే పేలేది ట్యాంకు. మంచి నూనె పోసి, తిప్పి, పారబోసి, మళ్లీ కొత్తది పోయాలి. రెండు, సెపరేటర్ గ్యాస్కెట్‌కు ఒక స్టేపిల్ పిన్ను గుచ్చి ఉంటుంది. పొరపాటున పడిందనుకుని పీకేస్తారు. పీకకండి. గాలి, నూనె రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటు ఆ పిన్ను మీదుగా ట్యాంకు బాడీకి దిగిపోతుంది. అది లేకపోతే లోపల నిప్పురవ్వ పుట్టొచ్చు. పాత ట్యాంకును మాత్రం నీళ్లతోనే టెస్టు చేయించాలి, గాలితో చేయకూడదు. నీళ్లతో పగిలితే ‘టప్’మని కారుతుంది. గాలితో పగిలితే షెడ్డు ఉండదు. దీని ట్యాంకుకు నీళ్లు నింపి పని ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టించాం. ఒక వెల్డింగ్ దగ్గర చెమ్మ వచ్చింది. ఆ ట్యాంకును వాడకుండా పక్కన పడేశాం, మళ్లీ వెల్డింగ్ పెట్టలేదు.

మోటారుకు కరెంటు ఇచ్చే ముందు ఒక్క క్షణం మాత్రం స్విచ్ తట్టి తిరిగే దిక్కు చూసుకోండి. ఫేజు తారుమారైతే ఉల్టా తిరిగి నూనె అంతా ఎయిర్ ఫిల్టర్‌లోంచి మీ ముఖం మీదికి వస్తుంది. దానికంటే ముందు సక్షన్‌లో అర గ్లాసు నూనె పోసి కప్లింగ్‌ను చేత్తో తిప్పండి. మెల్లగా తిప్పితే బ్లేడ్లు కింద ఉన్నప్పుడు తమ బరువుకే బయటికి జారతాయి, పైకి పోయినప్పుడు లోపలికి పడతాయి. ప్రతిదానికీ ఒక టక్ వినిపిస్తుంది. ఒక్క చుట్టుకు ఎనిమిది. ఏడే వినిపిస్తే ఒక బ్లేడు పట్టుకుంది, మళ్లీ ఇప్పాలి. మొన్న రాత్రి దీన్ని బిగించి తిప్పితే నాకు ఏడే వినిపించాయి. మళ్లీ ఇప్పాం. చూస్తే ఎనిమిదీ బాగానే ఉన్నాయి. నా చెవే ఒకటి వదిలేసింది. అందుకే ఈ రోజు ఇప్పుకుని వచ్చాం.

ఇప్పుడు మీ ముందే బిగిద్దాం. రోటర్ ఎత్తడానికి ఇద్దరు రండి. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి కూడా రావాలి, కప్లింగ్ నువ్వే తిప్పుదువు, మీరంతా లెక్కపెట్టండి. వాచీ తీసి పక్కన పెట్టమ్మా. ఆ కాటన్ వేస్టు తీసుకో, చేతులకు నూనె అవుతుంది.